భుజం మీది మచ్చ

మా నాన్న సూది తగలని భుజం ఊళ్ళో లేదని చెప్పుకునేవారు. మశూచి టీకాలు వేసే ఉద్యోగం ఆయనది. ఎవరికీ ఒక్క అక్షరం నేర్పకపోయినా అందరూ ఆయన్ని సూదుల మాస్టారు అనేవారు. ఆయన సైకిలు బెల్లు వినపడితే పిల్లలు మంచాల కింద దూరేవారట, తల్లులు పెరటి గుమ్మం గుండా పక్కింటికి జారుకునేవారట. ఇప్పుడాయనకు ఎనభై అయిదేళ్ళు, నాకు యాభై మూడు. నేను అంటువ్యాధుల ఆసుపత్రిలో హెడ్ నర్సుని. నా ఎడమ భుజం మీద చొక్కా గుండీ అంత మచ్చ ఉంది. నాకు ఏడాది నిండకముందే నాన్న తన చేత్తో వేసిన టీకా మచ్చ అది. కొందరు మెడలో నగ చూపించుకున్నట్టు నేను దాన్ని చూపించుకుంటూ పెరిగాను.

నాకు కోపం ఎక్కువ. వార్డులో ఆ మాట నా వెనక అనేవాళ్ళే తప్ప ముందు అనేవాళ్ళు లేరు. ఈ సంగతి చెప్పేటప్పుడు మధ్యలో నా గొంతు పెరిగితే ఏమీ అనుకోకండి. యాభై ఏళ్ళు ఒక మనిషిని కళ్ళు మూసుకుని నమ్మి, ఆఖరికి నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయితే ఎవరి గొంతైనా పెరుగుతుంది.

మంకీపాక్స్ వార్డు తెరవమని పై నుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు, పన్నెండు మంది సిబ్బందికి ఎనిమిది టీకాలు పంపారు. మిగతావి రెండు మూడు వారాల్లో వస్తాయన్నారు. ఎవరికి వేయాలి, ఎవరిని ఆపాలి అన్నది నా నెత్తిన పడింది. మా ల్యాబ్ డాక్టరు నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది, ఓపిక మాత్రం నాకంటే ఇరవై రెట్లు ఎక్కువ. కూర్చోబెట్టి చెప్పింది. మశూచి, మంకీపాక్స్ ఒకే వంశం. చిన్నప్పుడు మశూచి టీకా పడిన ఒంట్లో కొన్ని రక్తకణాలు ఆ వంశం పోలికలు గుర్తుపెట్టుకుని ఏళ్ళ తరబడి ఊరికే కూర్చుని ఉంటాయి. పెళ్ళిలో ఎవరో కుర్రాడి ముక్కు చూసి, వీడు ఫలానా వాళ్ళ తాలూకే అని ముసలమ్మలు పోల్చుకున్నట్టు, అవి కొత్త క్రిమిని చూడగానే పోల్చుకుంటాయి. ఏ టీకా పడని ఒళ్ళు ఈ క్రిమితో పోట్లాడటం నేర్చుకునేసరికి పది, పదిహేను రోజులు పడుతుంది. పాత టీకా పడిన ఒంటికి మూడు నాలుగు రోజులు చాలు. అయితే ఆ బలం వయసుతో పాటు తగ్గుతుందనీ, మచ్చ ఉంది కదా అని గ్లౌజులు లేకుండా తిరిగితే ఊరుకోననీ కూడా చెప్పింది.

అప్పుడు నేను చేసిన పని ఇంకే ఆసుపత్రిలోనూ చేసి ఉండరు. సిబ్బందిని వరసగా నిలబెట్టి, సంతలో ఎద్దుల పళ్ళు చూసినట్టు భుజాలు చూశాను. క్షయ టీకా మచ్చలు పక్కన పెట్టేశాను. మశూచి మచ్చ ఉన్నవాళ్ళం నలుగురం తేలాం. నలుగురం యాభై దాటినవాళ్ళమే, నలుగురం మా నాన్న చేతి కింద ఏడ్చినవాళ్ళమే. మేం రెండో విడత దాకా ఆగుతామని రాసిచ్చి, నా వంతు టీకా చంటిపిల్ల తల్లి అయిన ఒక నర్సుకి వేయించాను. ఆ అమ్మాయి వద్దు వద్దంటే, నాది మాస్టారి చేతి టీకా, నీకు తెలీదులే అన్నాను.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఈ మాట అందరికంటే ముందు నాన్నకే చెప్పాను. ఆయన వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దుకుంటున్నాడు. నువ్వు వేసింది ఉండగా నాకు ఇంకోటి దండగ కదా నాన్నా, అందుకే ఇచ్చేశాను అన్నాను, మెచ్చుకుంటాడని. ఆయన తలెత్తలేదు. సోమవారం గదిలో వేసిన మాత్ర తీసి మంగళవారం గదిలో వేశాడు, మళ్ళీ తీశాడు. కాసేపటికి, "మంచి పని చేశావమ్మా" అన్నాడు. తరవాత స్నానానికి నీళ్ళు కాగాయా అని అడిగాడు.

ఇక్కడ పిచ్చుక గురించి చెప్పాలి. పిచ్చుక మా వార్డు ఆయా, చిన్నప్పుడు మా పక్కింటి పిల్ల. ఒకప్పుడు పుల్లలా ఉండి పొద్దస్తమానం గోల చేసేది కనక ఆ పేరు పెట్టారు. ఇప్పుడు గుమ్మంలో నిలబడితే వెలుతురు రాదు, అయినా ఆ పేరు పోలేదు. నలుగురిలో నన్ను సిస్టర్ గారూ, మీరూ అంటుంది. ఇద్దరమే ఉంటే ఒసేయ్ అంటుంది. మచ్చ ఉన్న నలుగురిలో తనూ ఒకతె.

వార్డు తెరిచిన ఆరో రోజున ఒక లారీ డ్రైవరుకి జ్వరం తలకెక్కింది. భారీ మనిషి. మంచం మీంచి దొర్లిపోతుంటే నేనూ పిచ్చుకా చెరోవైపు పట్టుకున్నాం. ఆ పెనుగులాటలో గౌన్ల చేతులు పైకి జరిగి, గ్లౌజుకీ గౌనుకీ మధ్య బెత్తెడు ముంజెయ్యి బయటపడింది. అతని పుళ్ళ రసి ఇద్దరికీ అంటింది, గోళ్ళు ఇద్దరినీ గీరాయి. ఇద్దరం ఒకే కొళాయి కింద ఒకే సబ్బుతో కడుక్కున్నాం, ఇద్దరం రిజిస్టరులో రాశాం. టీకాల రెండో విడత ఇంకా రాలేదు. రోజుకు రెండుసార్లు జ్వరం చూసుకోమని, ఒంటి మీద ఏం కనిపించినా వెంటనే చెప్పమని డాక్టరు అంది.

అది జరిగిన అయిదో రోజున పిచ్చుక ముంజేతి మీద ఒకే ఒక్క పొక్కు లేచింది. దోమ కుట్టినంత. జ్వరం లేదు, నొప్పి లేదు. నియమం నియమమే కాబట్టి, పొక్కు ఎండి పెచ్చు రాలి కింద కొత్త చర్మం వచ్చేదాకా వార్డులోనే ఉండమన్నారు. హాయిగా మంచం మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ, ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఈ ఆసుపత్రిలో పడుకునే జీతం తీసుకుంటున్నానని నవ్వింది.

నాకు ఎనిమిదో రోజు వచ్చింది. ఆ రోజు నాకు సెలవు. మా ఇంట్లో నేనూ, నాన్నా, మా అమ్మాయీ, దాని అయిదేళ్ళ కూతురూ ఉంటాం. అల్లుడిది ఓడ మీద ఉద్యోగం, ఆరు నెలలకోసారి కనిపిస్తాడు. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ మధ్యాహ్నం మనవరాలు నా దిండు మీదే తల పెట్టి, నా దుప్పటే కప్పుకుని నిద్రపోయింది. నేను లేచేసరికి చలి, మెడ కింద రెండు వైపులా నిమ్మకాయలంత గడ్డలు. పిల్లని మెల్లిగా పక్కకి జరిపి వేరే గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాను. నా దుప్పటీ, దిండు గలీబూ, తువ్వాలూ ఎవరూ విదిలించకుండా సంచిలో కట్టి వేడినీళ్ళలో ఉడకబెట్టమన్నాను. మర్నాడు పొద్దున్నే నా వార్డులో నేనే రోగిగా చేరాను, పిచ్చుక పక్క మంచం మీద.

పిచ్చుకకి ఒక్కటి వచ్చింది. నాకు రెండు రోజుల్లో ముంజేతి మీద మొదలై మొహం, అరచేతులు, అరికాళ్ళు, ఆఖరికి నోట్లోకి కూడా వచ్చేశాయి. గుక్కెడు చల్లటి పాలు మింగాలంటే కళ్ళ నీళ్ళు కారేవి. అయినా నర్సుకి రోగం వస్తే సగం బాధ రోగానిది, సగం అవమానానిది. మచ్చ ఉన్న మిగతా ఇద్దరు నర్సులూ బెదిరిపోయారు. హెడ్ నర్సుకే ఇంత జరిగితే ఆ పాత టీకా ఎందుకూ పనికిరాదన్నమాట అని వార్డులోకి రావడం మానేశారు. నా కేసు కార్డు మీద చిన్నప్పటి టీకా ఉంది అనే రాసి ఉంది మరి. వాళ్ళు అనుకోవడంలో తప్పేముంది.

మూడో రోజు పొద్దున్న ల్యాబ్ డాక్టరు మాస్కూ గౌనూ వేసుకుని లోపలికొచ్చింది. ఇద్దరి భుజాలూ చూపించమంది. పిచ్చుక మచ్చ మీద వేలు పెట్టి తడిమింది, తరవాత నాది. అలా రెండుసార్లు తడిమి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"ఇద్దరి రక్తం పక్కపక్కన పెట్టి చూశాను సిస్టర్. ఆయాగారి ఒళ్ళు ఈ క్రిమిని చూడగానే పోల్చుకుంది, వారం తిరిగేలోపు యాంటీబాడీలు పొంగాయి. మీ ఒళ్ళు పుట్టి బుద్ధెరిగి దీన్ని చూడలేదు. ఇప్పుడే ఓనమాలు నేర్చుకుంటోంది."

మందు పాడైపోయి ఉండొచ్చు, ఆ రోజుల్లో ఎండలో మోసుకెళ్ళేవారు అన్నాను. మందు పాడైతే పొక్కు లేవదు, పొక్కు లేవకపోతే మచ్చ పడదు అంది. పిచ్చుక మచ్చలో చిన్న చిన్న గుంటలున్నాయట, అంచు నుంచి సన్నటి గీతలున్నాయట. నాది ఎప్పుడో కాలిన చర్మంలా నున్నగా ఉందట. అది టీకా మచ్చలా లేదని మెల్లిగా అంది.

ఆ మాటతో నాకు ఒళ్ళు మండిపోయింది. నోట్లో పుళ్ళున్నాయన్న సంగతి కూడా మరిచిపోయి అరిచాను. పుస్తకాల్లో తప్ప మశూచి మచ్చ ముఖం చూడని పిల్లవి, వేలమందికి టీకాలు వేసిన మనిషి చేతిని నువ్వు అనుమానిస్తావా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆ అమ్మాయి లేచి వెళ్ళిపోయింది. పిచ్చుక గోడ వైపు తిరిగి పడుకుంది. పిచ్చుక మాట్లాడకుండా ఉండటం నేను అదివరకెప్పుడూ చూడలేదు, కానీ కోపంలో ఉండి అది పట్టించుకోలేదు.

గంట గడవకముందే మా అమ్మాయి ఫోను చేసింది. టీకాల రెండో విడత ఆ పొద్దున్నే వచ్చిందనీ, మొదట నాతో కలిసి ఉన్న మా ఇంటివాళ్ళకే పంపారనీ నాకు తెలుసు. తగిలిన నాలుగు రోజుల్లోపు వేస్తే జబ్బే రాకుండా ఆగే అవకాశం ఉంది. ఆ తరవాత వేస్తే జబ్బు తేలికపడుతుందేమో, అంతే. పిల్ల నా దిండు మీద పడుకుని అది మూడో రోజు. మా అమ్మాయికి వేశారట. పిల్ల వంతు వచ్చేసరికి నాన్న పిల్లని చంకనేసుకుని తన గదిలోకి వెళ్ళి గడియ పెట్టేశాడట. పిల్లేమో అదేదో ఆటనుకుని లోపల కిలకిలా నవ్వుతోందట. వచ్చిన నర్సు ఇంకా ఆరిళ్ళు తిరగాలట.

నాకు అర్థం కాలేదు. ఊరంతా తరిమి తరిమి సూదులు వేసిన మనిషి సూదిని చూసి గడియ పెట్టుకోవడమేమిటి. ఫోను స్పీకర్లో పెట్టి తలుపు దగ్గర పట్టుకోమన్నాను. నాన్నా, తలుపు తియ్యి అన్నాను. తీయనన్నాడు. ఎందుకన్నాను. లోపల్నుంచి పిల్ల నవ్వు వినపడింది.

"దీనికీ ఆ చర్మమే వచ్చింది తల్లీ" అన్నాడు. "మీ అన్నయ్య చర్మం. నీ చర్మం."

నాకొక అన్నయ్య ఉండేవాడనీ, ఏడాదిన్నర వయసులో ఏదో జ్వరం వచ్చి పోయాడనీ తెలుసు. ఇంట్లో ఒక్క ఫోటో ఉండేది. అంతకు మించి అమ్మ చెప్పలేదు, నాన్న చెప్పలేదు. ఆ రోజు తలుపు చాటు నుంచి, మా అమ్మాయీ ఆ నర్సూ వింటుండగా, నాన్న చెప్పాడు. అన్నయ్యకి ఒళ్ళంతా ఎగ్జిమా ఉండేదట. మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక రసి కారుతూ ఉండేదట. అలాంటి పిల్లలకి ఆ టీకా వేయకూడదని నాన్న జేబులోని నియమాల కార్డు మీదే రాసి ఉందట. కానీ ఒక వీధిలో ఎవరూ తలుపులు తీయలేదు. ముందు మీ బిడ్డకి వేసి చూపించండి అన్నారు. నాన్న చూపించాడు. ఆ టీకాలో ఉండేది బతికున్న క్రిమి. మామూలు పిల్లల్లో అది భుజం మీద ఒక్క పొక్కుతో ఆగుతుంది. అన్నయ్య చర్మం మీద ఆగలేదు. పదో రోజుకి ఒళ్ళంతా పాకింది, పదమూడో రోజుకి పిల్లాడు లేడు. నిజం తెలిస్తే ఇక ఒక్క గుమ్మమూ తెరుచుకోదని, వేరే జ్వరమని ఊరికి చెప్పారు. మూడేళ్ళకి నేను పుట్టాను, అదే చర్మంతో; నాకు బడికెళ్ళే వయసుకి తగ్గిపోయింది, పాపకి ఇంకా ఉంది.

"నీకు వేయకపోతే ఊరు ఊరుకోదు. వేస్తే నువ్వు దక్కవు. కాచి చల్లార్చిన నీళ్ళలో సూది ముంచి పదిహేను పోట్లు పొడిచాను. మూడో రోజున కార్బాలిక్ యాసిడ్ చుక్క పెట్టి చర్మం కాల్చాను. మచ్చ పడాలి కదమ్మా."

నాకు ఏడుపు రాలేదు. మొదట వచ్చింది సిగ్గు. గంట క్రితం ఆ డాక్టరు పిల్ల మీద అరిచిన అరుపులన్నీ తిరిగొచ్చి నా చెంప మీదే పడ్డాయి. తరవాత కోపం వచ్చింది, ఎలాంటి కోపమంటే, నోట్లో పుళ్ళు లేకపోతే ఏమనేదాన్నో నాకే తెలియదు. కానీ నర్సుని. తలుపు అవతల పిల్ల ఉంది. చేతిలో ఒకటిన్నర రోజు ఉంది. నా సంగతి పక్కన పెట్టాను.

ఇది ఆ పాత టీకా కాదని చెప్పాను. దీనిలోని క్రిమికి మన ఒంట్లో పెరిగే శక్తి లేదు, మొహం చూపించి పోతుంది, ఒళ్ళు ఆ మొహం గుర్తుపెట్టుకుంటుంది, ఎగ్జిమా ఉన్నవాళ్ళకి పనికొచ్చేలా చేసిన టీకాయే ఇది అన్నాను. పిల్లకి వేయొచ్చని డాక్టరు చూసి సంతకం పెట్టిందన్నాను. ఒక్కో మాటకి నాలుక కోసుకుపోతోంది.

"అప్పుడు మా పైవాళ్ళూ అలాగే చెప్పారమ్మా, కార్డు మీద ఏమున్నా ఏమీ కాదని" అన్నాడు నాన్న.

ఇక చూపించడానికి నా దగ్గర ఉన్నది నా ఒళ్ళొక్కటే.

"నాన్నా, నువ్వు నాకు నీళ్ళు పొడిచావు. ఈ పొద్దుటికి నా ఒంటి మీద నూట పన్నెండు పుళ్ళు. పిచ్చుక లెక్కపెట్టింది. పిచ్చుకకి ఒక్కటే. ఎగ్జిమా ఉన్న చర్మం మీద ఈ జబ్బు పడితే నాకంటే ఘోరంగా ఉంటుంది. ఇప్పుడు చెప్పు, పాపకి ఎన్ని రానిద్దాం?"

గడియ తీసిన చప్పుడు ఫోనులో వినపడింది. కాసేపటికి పిల్ల ఏడుపు. అంత హాయైన ఏడుపు నేనెప్పుడూ వినలేదు. మా అమ్మాయి ఫోను తీసుకుని, వేసేశారమ్మా అంది. ఇంకేదో అడగబోయింది. తరవాత మాట్లాడతానని పెట్టేశాను.

ఫోను పెట్టేశాక ఏడుపు ఆపుకోలేకపోయాను. పిచ్చుక లేచి వచ్చి నా మంచం చివర కూర్చుంది. తరవాత చెప్పింది.

"ఒసేయ్, నీకు చెప్పొద్దనుకున్నాను. డాక్టరమ్మ నీ మచ్చ మీద వేలు పెట్టినప్పుడే మా అమ్మ మాట గుర్తొచ్చింది. నాకు టీకా వేయనివ్వకుండా మా అమ్మ నన్ను చెంగులో దాచేసుకుందట. అప్పుడు మాస్టారు ఇంట్లోకెళ్ళి నిన్ను ఎత్తుకొచ్చి, ఇదిగో నా కూతురు, దీని భుజం చూడు, నా బిడ్డకి వేసిందే నీ బిడ్డకీ వేస్తున్నా అన్నాడట. నీ పొక్కు చూశాకే మా అమ్మ నా చెయ్యి వదిలింది. వీధంతా నిన్నలా తిప్పాడట."

తల తీసేసినట్టయింది నాకు. నాన్న నన్ను కాపాడుకోవడానికి అబద్ధమాడాడని అంతసేపూ ఏదో మూల సర్దిచెప్పుకుంటున్నాను. పిల్ల బతకాలని ఏ తండ్రయినా చేస్తాడు అనుకుంటున్నాను. కానీ ఆ అబద్ధాన్ని చంకనేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. పక్కింటి తల్లులకి నన్ను చూపించి వాళ్ళ పిల్లల చేతులు పట్టుకున్నాడు. వాళ్ళలో ఎవరి పిల్లకి ఎలాంటి చర్మం ఉందో, ఏ తల్లి ఏం చెప్పలేకపోయిందో నాకేం తెలుసు.

"నాకైతే లాభమేలే. అబద్ధం నీకు, నిజం నాకు" అంది పిచ్చుక నన్ను నవ్వించడానికి. నేను నవ్వలేదు. తను నా చెయ్యి పట్టుకుంది, గ్లౌజు లేకుండా. నీకేం భయం, నీది అసలు టీకా కదా అన్నాను. అన్నాక ఆ మాటలో ఎంత విషం ఉందో నాకే వినపడింది. పిచ్చుక మాత్రం చెయ్యి వదల్లేదు.

మర్నాడు పదింటికి నాన్న వచ్చాడు. మా వార్డుకి వరండా వైపు పెద్ద అద్దం ఉంది. చూడటానికి వచ్చినవాళ్ళు అవతల నిలబడి ఫోనులో మాట్లాడతారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నా మొహం చూడగానే అద్దం మీద చెయ్యి ఆనించాడు. పాప బాగుందనీ, జ్వరమేమీ లేదనీ, భుజం కాస్త నొప్పి అంటోందనీ చెప్పాడు. తనది ఏటేటా టీకా వేసుకున్న ఒళ్ళు కదా, ఏమీ కాదు, లోపలికి వచ్చి నాకు సేవ చేస్తానన్నాడు. అక్కర్లేదన్నాను. అప్పుడు అసలు విషయానికి వచ్చాడు. ఆ డాక్టరమ్మ నా కేసు గురించి ఎక్కడికో రాసి పంపుతుందని మా అమ్మాయి చెప్పిందట.

"ఆ కార్డు మీద ఉన్నది ఉన్నట్టు ఉండనీ తల్లీ. నా మాట మీద తలుపులు తీసినవాళ్ళు ఇంకా బతికున్నారు. ఎదురుపడితే దణ్ణం పెడతారు. నేనింకా ఎన్నాళ్ళుంటాను కనక."

కార్డు అలాగే ఉంటే ఏమవుతుందో ఆయనకి తెలియనిది కాదు. పాత టీకా పడినవాళ్ళకి కూడా ఇంత తీవ్రంగా వచ్చిందని నా పేరు మీద లెక్కలోకి ఎక్కుతుంది. నిజంగా టీకా పడిన ఆ ఇద్దరు నర్సులూ లేని భయంతో ఇంట్లో కూర్చుంటారు. నాలాంటి దొంగ మచ్చ ఉన్నవాళ్ళు ఇంకెక్కడైనా ఉంటే, రక్తం చూడాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ముప్పై ఏళ్ళు ఆరోగ్యశాఖలో పనిచేసిన మనిషి నన్ను అడుగుతున్నది ఇది.

నేను ఆయన్ని ఒకే ఒక్క సంగతి అడిగాను. నీళ్ళ సంగతి అడగలేదు. కార్బాలిక్ సంగతి, వీధంతా తిప్పిన సంగతి అడగలేదు. అన్నయ్యని పోగొట్టుకున్న తండ్రి అప్పుడు భయపడ్డాడు, సరే.

"మొన్న వంటింట్లో నా టీకా ఇంకొకరికి ఇచ్చేశానని చెప్పాను కదా నాన్నా. ఈ వార్డులోకి నీ మచ్చ నమ్ముకుని వెళ్తున్నానని చెప్పాను. అప్పుడు నిజం చెప్పడానికి ఎందుకు భయపడ్డావు? అప్పుడు ఊరు లేదు, ఉద్యోగం లేదు. నేనొక్కదాన్నే ఉన్నాను."

ఆయన అద్దం మీంచి చెయ్యి తీసేశాడు. ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చాడు.

"నీ ముందు చిన్నవాణ్ణి అయిపోతానని" అన్నాడు.

నేను ఫోను దిండు మీద పెట్టేశాను. అంతకంటే పెద్ద కారణం ఏదైనా చెబుతాడనుకున్నాను. మతిమరుపని చెప్పినా నమ్మేదాన్ని. కూతురి ప్రాణం ఒకవైపు, కూతురి ముందు తన పెద్దరికం ఒకవైపు పెట్టి తూచుకుని, మంచి పని చేశావమ్మా అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన తీసుకున్న కాసేపూ నాకు ఇప్పుడు అర్థమైంది. అది తూకానికి పట్టిన సమయం.

డ్యూటీ నర్సుని పంపి డాక్టరుని పిలిపించాను. ముందు క్షమాపణ అడిగాను. ఆ అమ్మాయి అదేం పట్టించుకోనట్టు నా కార్డు తీసింది. నేను చెప్పిందంతా విని, చిన్నప్పటి టీకా అన్న చోట ఉంది అన్న మాట కొట్టేసి లేదు అని రాసింది. ఆ ఇద్దరు నర్సులకీ ఇప్పుడే కబురు చేస్తానంది. అద్దం అవతల నాన్న ఇంకా అక్కడే నిలబడి, నా పెదాల కదలిక చూస్తున్నాడు. వరండాలో బెంచీ ఉంది, కూర్చోలేదు.

"ఎవరు చెప్పారని రాయమంటారు సిస్టర్? ఆ గడి ఖాళీగా వదలకూడదు" అంది డాక్టరు.

"టీకాలు వేసినాయనే" అన్నాను.

ఆమె రాసుకుంది. పక్క గడి మీద పెన్ను ఆపి, "మీకు ఏమవుతారన్న గడి ఇది. నాన్నగారని రాయనా?" అని అడిగింది.

నేను అద్దం వైపు చూశాను.

"అది రాయక్కర్లేదు" అన్నాను.